ఆ రోజుల్లో లైను కలిపింది మీరే కదా అక్కయ్యా

ప్రశ్న: నా వయసు 71. గుంటూరు బ్రోడీపేటలో ఉంటాను. 1975లో పెళ్లికి ముందే టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. చాలా ఏళ్లు ట్రంక్ బోర్డు మీద, అంటే వేరే ఊళ్లకు కాల్స్ చేత్తో కలిపే బోర్డు మీద పనిచేసి 2014లో రిటైరయ్యాను. మావారు పోయి ఆరేళ్లయింది. అబ్బాయి, కోడలితో ఉంటున్నాను. ఇద్దరూ మంచివాళ్లే. మూడు నెలల కిందట పోలీసులమంటూ నాకు వీడియో కాల్ వచ్చింది. నా ఆధార్‌తో ఎవరో సిమ్ తీసుకుని నేరాలు చేశారని, నన్ను డిజిటల్ అరెస్టు చేశామని, ఎవరికీ చెప్పొద్దని బెదిరించారు. రెండు గంటలు గది తలుపేసుకుని ఫోన్ ముందు కూర్చున్నాను. పనిమనిషి తలుపు బాదబట్టి డబ్బు పోలేదు. ఆ రోజే అబ్బాయి నా ఫోన్‌లో ఫోన్‌పే తీసేశాడు. బ్యాంకులో తన నంబరు పెట్టించాడు. ఇప్పుడు నాలుగు ములక్కాడలు కొనాలన్నా వాణ్ని అడగాలి. ఎందుకురా అంటే "నీకెందుకమ్మా ఈ టెన్షన్లు" అంటాడు. తప్పు నాదే, ఫోన్ నాకు చేతకాదు అనిపిస్తోంది. మనవరాలికి 23 ఏళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి షిఫ్టు. నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకున్నారట, అందులో ఇద్దరు మగపిల్లలు. పెళ్లి మాటెత్తితే "నీకు అర్థం కాదులే నానమ్మా" అని పెట్టేస్తుంది. మొన్న మా ఆడపడుచు మనవడి పెళ్లి శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది. బొట్టు పెట్టి పిలవలేదు సరే, ఫోనన్నా చేయలేదు. మారాల్సింది నేనేనా? ముసలితనమంటే ఇంతేనా?

సమాధానం:

అక్కయ్యా,

మీరు నాకంటే పదేళ్లు పెద్దవారు కాబట్టి అలాగే పిలుస్తాను. మీ ఉత్తరం రాత్రి చదివాను, పొద్దున్నే లేచి మళ్లీ చదివాను. మొదటిసారి ఆ వీడియో కాల్ దగ్గర ఆగిపోయాను. రెండోసారి 'ట్రంక్ బోర్డు' అన్న మాట దగ్గర ఆగాను. జవాబు అక్కడినుంచే మొదలుపెడతాను.

1982లో మేం విజయవాడ గవర్నరుపేటలో ఉండేవాళ్లం. ఒక రాత్రి నాన్నకు గుండెనొప్పి వచ్చింది. అన్నయ్య భిలాయిలో ఉద్యోగం. మా వెనకవాటా డాక్టరుగారింట్లో నల్లటి ఫోను ఉండేది. ఆయనే లేచి తలుపు తీశారు. మామూలు కాల్ అయితే తెల్లారేదాకా దొరకదని అన్నయ్య హాస్టల్‌కు లైట్నింగ్ కాల్ బుక్ చేశాం. మామూలు రేటుకు ఎనిమిది రెట్లు. ఎంతవుతుందో తెలియక అమ్మ కొంగు ముడి విప్పి, ఆ డబ్బు గుప్పిట్లో పట్టుకుని ఫోన్ పక్కనే నిలబడింది. కాసేపటికి గంట మోగింది. "లైన్లో ఉండండమ్మా, భిలాయి ఇస్తున్నాను" అని ఒక ఆడగొంతు. అన్నయ్య "హలో" అనేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది, నోట మాట రాలేదు. అటునుంచి వాడు హలో హలో అంటూనే ఉన్నాడు. అప్పుడా ఆపరేటరు మధ్యలో వచ్చి, "ఏడవకమ్మా, ముందు చెప్పాల్సింది చెప్పు, టైమవుతోంది" అంది. చెప్పాను. నాన్న ఆ తర్వాత పదహారేళ్లు బతికారు. ఆవిడ ఎవరో, పేరేమిటో నాకు తెలియదు. ముఖం చూసింది లేదు. ఆ గొంతు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

అలాంటి కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషి ఇవాళ "ఫోన్ నాకు చేతకాదు" అనే స్థితికి వచ్చారంటే నాకు చాలా కష్టంగా ఉంది. ఎందుకు వచ్చారా అని ఆలోచించాను. తెలివి తగ్గి మాత్రం కాదు. మీ సర్వీసు 39 ఏళ్లలో ఎన్ని మార్పులు చూశారో ఒకసారి లెక్క వేసుకోండి. చేత్తో తీగ తీసి గుచ్చే బోర్డు, తర్వాత ఎస్టీడీ, తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజీ, వీధికొక పసుపుపచ్చ ఎస్టీడీ బూత్, సెల్‌ఫోన్ వచ్చాక ఆ బూతులూ పోవడం. 2000లో డిపార్ట్‌మెంట్ కాస్తా భారత్ సంచార్ నిగమ్ (బీఎస్ఎన్ఎల్) అయింది. మీరు రిటైరయ్యే ముందు ఏడాది జులైలో దేశంలో టెలిగ్రామే ఆగిపోయింది. వీటిలో ఏ ఒక్కటీ మిమ్మల్ని అడిగి రాలేదు. అయినా మీరు ఒక్కొక్కటీ నేర్చుకుంటూ వచ్చారు కదా, లేకపోతే జీతం ఎలా వస్తుంది?

అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్కటే కనిపిస్తోంది నాకు. అప్పుడు మీకు ట్రైనింగ్ ఇచ్చారు. కూర్చోబెట్టి నేర్పారు, పొరపాటు చేస్తే సరిదిద్దే సూపర్‌వైజరు ఉండేది, తెలియకపోతే పక్క పొజిషన్‌లో కూర్చున్నావిడను మెల్లగా అడిగే వీలుండేది. మీతోపాటు పదిమంది ఒకేసారి నేర్చుకున్నారు, ఒకేసారి తప్పులు చేశారు. రిటైరయ్యాక వచ్చిన మార్పులకు ట్రైనింగ్ లేదు. ఒక పుట్టినరోజుకు స్మార్ట్‌ఫోన్ కొని చేతిలో పెడతారు. అడిగితే మన చేతిలోంచి తీసుకుని నాలుగుసార్లు టకటకా నొక్కి, "అయిపోయిందమ్మా" అని తిరిగి ఇచ్చేస్తారు. పని అవుతుంది, మనకు మాత్రం రాదు. రెండోసారి అడిగితే విసుగు. మూడోసారి మనమే అడగం.

ముందు ఆ వీడియో కాల్ సంగతి తేల్చేద్దాం. మీరేదో తప్పు చేసినట్టు రాశారు. అక్కయ్యా, అందులో మీ తప్పు లేదు. ఆ వలలో పడినవాళ్లలో డాక్టర్లున్నారు, రిటైరైన పెద్ద ఆఫీసర్లున్నారు. మీరు పడటానికి ఒక కారణం కూడా ఉంది, అది మీ వృత్తిలోనే ఉంది. మీ రోజుల్లో లైనుకు రెండు వైపులా ఎవరున్నారో మీకు తెలుసు. కాల్ ఏ ఊరినుంచి వచ్చిందో బోర్డు చూస్తే తెలిసిపోయేది. మధ్యలో ఒక మనిషి పూచీ ఉండేది, ఆ మనిషి మీరే. ఇవాళ మధ్యలో ఎవరూ లేరు. స్క్రీన్ మీద కనిపించే నంబరును కూడా మార్చి చూపించగలరు. ఖాకీ చొక్కా, వెనక గోడకు బోర్డు, టేబుల్ మీద ఫైళ్లు, అన్నీ నాటకం సామానే.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేనే లేదు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం పోలీసులు, సీబీఐ, ఈడీ ఎవరి వల్లా కాదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో కూడా ఈ మాటే చెప్పారు. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. నిజంగా ఎవరినైనా అరెస్టు చేస్తే ఆ సంగతి వాళ్ల బంధువులకు తెలియజేయాలని చట్టమే చెబుతోంది. అంటే "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట వినబడిందంటే వాడు దొంగ. ఇక మాట్లాడేదేమీ లేదు, పెట్టేసి గదిలోంచి బయటికి వచ్చేయండి. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఆ సొమ్ము ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు దాటేలోపు చెబితే ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ అవకాశం పోతుంది.

అన్నట్టు, తలుపు బాదిన ఆ పనిమనిషికి ఒక చీర పెట్టండి. ఆ రెండు గంటల్లో మీ ఇంట్లో సరైన పని చేసింది ఆమే.

ఇక మీ అబ్బాయి. తల్లి రెండు గంటలు గదిలో వణుకుతూ కూర్చుందని తెలిస్తే ఏ కొడుకుకైనా గుండె ఆగినంత పనవుతుంది. భయపడ్డాడు, తాళం వేశాడు. ఆ రోజుకు అది సరైన పనే. కానీ మూడు నెలలైంది, తాళం అలాగే ఉంది. ములక్కాడల మాట మీరు తేలిగ్గా రాసేశారు గానీ నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. ఇంటికి 39 ఏళ్లు జీతం తెచ్చిన మనిషి నలభై రూపాయలకు చెయ్యి చాపడం చిన్న విషయం కాదు. మంచి కొడుకు చేసినా అది చిన్న విషయం కాదు.

ఆయనతో కూర్చుని మాట్లాడండి. అన్నం దగ్గర వద్దు, కోడలి ముందు దెప్పినట్టూ వద్దు. ఆదివారం పొద్దున్న కాఫీ అప్పుడు, "నువ్వు భయపడ్డావు, నాకు తెలుసు. ఇప్పుడు నాకు నేర్పు" అని అడగండి. 'తిరిగి ఇచ్చెయ్' అంటే వాదన అవుతుంది. 'నేర్పు' అంటే కాదనలేడు.

డబ్బు విషయంలో నేనైతే ఇలా చేస్తాను. పెన్షన్ పడే ఖాతాను ఫోన్‌పేకు కలపను. ఇంకో చిన్న సేవింగ్స్ ఖాతా తెరుస్తాను. మినిమం బ్యాలెన్స్ ఎంతో ముందే అడిగి, అది కాక నెలకు మూడు నాలుగు వేలు మాత్రమే అందులో వేసుకుని, ఫోన్‌పేను ఆ ఖాతాకే కలుపుకుంటాను. కూరలు, ఆటో, మందులు, గుళ్లో హుండీ అన్నీ అందులోంచే. ఖర్మకాలి ఏమన్నా జరిగినా పోయేది ఆ కాస్తే. రెండు ఖాతాలకూ ఫోన్ నంబరు మాత్రం మీదే ఉండాలి. మెసేజ్ ఇంకొకరి ఫోన్‌కు వెళితే మీ డబ్బు సంగతి అందరికంటే ఆఖరున మీకు తెలుస్తుంది, అది ఎవరికీ మంచిది కాదు, మీ అబ్బాయికి కూడా. దానికి బదులుగా మీరొక మాట ఇవ్వండి. పెన్షన్ ఖాతాలోంచి పెద్ద మొత్తం ఎవరికైనా పంపాల్సి వస్తే, ఆయనతో చెప్పకుండా, ఒక రాత్రి గడవకుండా పంపనని. ఆ మాట ఇస్తే ఆయన కూడా నిశ్చింతగా నిద్రపోతాడు.

ఫోన్‌పే, గూగుల్‌పే ఏది వాడినా ఈ ఒక్క ముక్క కాగితం మీద రాసి అతికించుకోండి: డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు. పిన్ అడుగుతోందంటే మన దగ్గరనుంచి పోతోందని. అసలు యూపీఐ వచ్చిందే 2016లో. అప్పటికి మీ అబ్బాయికి నలభై దగ్గరపడి ఉంటాయి. ఆయనా పెద్దయ్యాక నేర్చుకున్నవాడే. మొదట్లో ఆయనా ఎవరినో అడిగే ఉంటాడు, కాకపోతే ఆఫీసులో.

70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే నగదు ఇవ్వడం, తీసుకోవడం, లైఫ్ సర్టిఫికెట్ (పెన్షనరు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే రుజువు) తీసుకోవడం లాంటివి చేయాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. మీకు ఆ అవసరం ఇంకా రాకపోవచ్చు. మోకాళ్లు మొరాయించిన రోజున పనికొస్తుంది. బ్రాంచిలో అడిగి, ఛార్జీ ఎంతో కనుక్కుని పెట్టుకోండి.

ఇది చదివే మిగతా తల్లులకు ఒక మాట చెప్పి మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఈ అక్కయ్య కొడుకు భయంతో డబ్బు పెత్తనం తీసుకున్నాడు. ఆశతో తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇల్లు రాయించుకుని అన్నం పెట్టడం మానేసినవాళ్ల మీద 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ మాట తప్పితే రద్దు చేయమని అడిగే వీలు ఆ చట్టంలో 23వ సెక్షన్‌లో ఉంది. రాసేటప్పుడే ఆ షరతు దస్తావేజులో ఉండేలా చూసుకోండి. సలహా కావాలంటే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

అక్కయ్యా, ఫోన్ గురించి మీకు ఎవరూ చెప్పి ఉండని సంగతి ఒకటుంది. వయసు పైబడ్డాక వేళ్ల చర్మం పొడిబారుతుంది. ఈ టచ్ స్క్రీన్లు మనం ఎంత గట్టిగా నొక్కామో చూడవు, వేలు తాకినప్పుడు చర్మం వల్ల వచ్చే సన్నపాటి కరెంటు తేడాను పట్టుకుంటాయి. వేలు మరీ పొడిగా ఉంటే ఆ తేడా సరిగ్గా అందదు. మనమేమో తగల్లేదనుకుని గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతాం. ఎక్కువసేపు నొక్కితే అది వేరే పని చెప్పినట్టు, వెంటనే ఇంకేదో తెరుచుకుంటుంది. "నువ్వేదో నొక్కేశావమ్మా" అని పిల్లలు అనేది ఇక్కడే. చేతులు కడిగి తుడుచుకుని, కాస్త చెమ్మ ఉండగానే మెల్లగా తాకి చూడండి. సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేయించండి, భాష తెలుగు పెట్టించండి, 'టచ్ అండ్ హోల్డ్' సమయం పెంచమనండి. పది నిమిషాల పని, ఒక్కసారి చేస్తే చాలు.

వేళ్ల మాట వచ్చింది కాబట్టి మా అమ్మ సంగతి చెప్పాలి. పోయినేడాది లైఫ్ సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు తీసుకెళ్లాను, వేలిముద్ర వేయాలి. బొటనవేలు పెట్టింది, పడలేదు. ఆ కుర్రాడు మిషన్ అద్దం తుడిచి మళ్లీ పెట్టమన్నాడు. చూపుడువేలు పడలేదు. "తలకు రుద్దుకుని పెట్టండి మామ్మగారూ" అన్నాడు. నెరిసిన జుట్టుకు వేలు రాసుకుని పెట్టింది. ఒక్కొక్క వేలూ కొంగుకు తుడుచుకుంటూ పదివేళ్లూ పెట్టింది. వెనక క్యూలో జనం గొణుగుతున్నారు. అమ్మ నావైపు తిరిగి, "నేను లేనంటోందేమిటే ఇది" అంది. గిన్నెలు తోమి, రుబ్బురోలు తిప్పి, అరవై ఏళ్లలో అరిగిపోయిన గీతలవి. ఆ రోజు ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. తర్వాత తెలిసింది, లైఫ్ సర్టిఫికెట్‌కు ముఖం చూపించే పద్ధతి 2021 నుంచే ఉందని. ఫోన్ కెమెరా ముందు కళ్లు ఆర్పితే చాలు. ఆ కౌంటర్‌లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. మీరు మాత్రం ఇంట్లోనే చేసుకోండి.

నేర్చుకోవడానికి మీకు తెలిసిన పద్ధతే మంచిది. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఒకరోజు ఒక్క పనే. నేర్పేవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు, నోటితో చెప్పాలి, నొక్కేది మీ వేలే. ఏ రంగు గుర్తు, ఎక్కడుంది, దాని తర్వాత ఏమొచ్చింది అని మీ మాటల్లో మీరే రాసుకోండి. పిన్ మాత్రం అందులో రాయొద్దు. మర్నాడు ఎవరూ లేనప్పుడు పుస్తకం చూసి మళ్లీ చేయండి. మనవయసులో కొత్తది పట్టుబడటానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే తేడా. పట్టుబడింది పోదు. మీ ఊళ్లో మీతో పనిచేసినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, పెన్షనర్ల సంఘంలో వాకబు చేస్తే దొరుకుతారు. వారానికోసారి ఎవరో ఒకరింట్లో కలవండి. పక్క పొజిషన్‌లో మనిషి ఉంటే ధైర్యం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు మనవరాలు.

ఈ ముక్క రాసేముందు మీరు కోపం తెచ్చుకోరనే నమ్మకంతో అడుగుతున్నాను. 1975లో మీరు నైట్ డ్యూటీకి బయల్దేరిన మొదటి రోజు ఇంట్లో ఏమన్నారు? మీరు రాయలేదు. మా పేటలో కూడా ఒక ఆపరేటరుగారు ఉండేవారు. రాత్రి ఆఫీసు వ్యాను వచ్చి వీధి మొదట్లో దింపేది. ఆవిడ తలొంచుకుని నడిచి వస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. ఆవిడ లోపలికి వెళ్లాక మళ్లీ మొదలయ్యేవి. "మగాళ్లతో కలిసి రాత్రిళ్లు ఏం ఉద్యోగం, ఎవరు చేసుకుంటారు దాన్ని" అని మా బామ్మే అంది, నేను విన్నాను. మా నాన్న కోసం లైను కలిపింది అలా మాటలు పడ్డ ఆడవాళ్లలో ఒకరు. మీ గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టినప్పుడు ఆ గేటు దాటి లోపలికి వెళ్లిన పిల్లలు కూడా ఇలాంటి మాటలు పడే ఉంటారు. ఆ చదువే లేకపోతే మీకు బోర్డు ముందు కుర్చీ లేదు.

అందుకని మీ భయం తప్పంటానా? అనను. 23 ఏళ్ల పిల్ల, ఊరు కాని ఊరు, రాత్రి డ్యూటీ. మీకు భయం వేయకపోతేనే ఆశ్చర్యం. కానీ ఆ భయాన్ని మీరు పెళ్లి రూపంలో అడుగుతున్నారు. ఆ పిల్లకు వినబడేది 'నానమ్మకు నా మీద నమ్మకం లేదు' అని. అసలు మీకు తెలుసుకోవాలని ఉన్నవి వేరు. రాత్రి ఏ బండిలో వస్తుంది? క్యాబ్‌లో ఒక్కతే ఉంటుందా? జ్వరం వస్తే ఆ నలుగురిలో ఎవరు కాచుకుని కూర్చుంటారు? అద్దె సమానంగా పంచుకుంటున్నారా, ఇంటిపని అంతా ఆడపిల్లల నెత్తినే పడుతోందా? ఇవి అడగండి. ఆ మగపిల్లల పేర్లు అడగండి, ఏ ఊరివాళ్లో అడగండి. పేరు తెలిశాక మనిషి మీద సగం భయం పోతుంది. మాట నిలబెట్టుకుంటుందా, తన సంపాదన తను చూసుకుంటుందా, ఇంట్లో అబద్ధం ఆడకుండా ఉన్నది ఉన్నట్టు చెబుతోందా, నేనైతే ఆడపిల్ల విషయంలో ఇవే చూస్తాను. ఫ్లాట్‌లో మగపిల్లలున్నారన్న సంగతి దాచకుండా మీకు చెప్పింది చూశారా, ఆ పిల్లకు మీరంటే ఎంత చనువో నాకు అక్కడే తెలిసింది. మన కాలంలో మనం ఎన్ని దాచుకున్నామో గుర్తుచేసుకోండి.

పెళ్లి ఎప్పుడన్నది ఆ పిల్లకు వదిలేయండి. మీ అనుభవం మాత్రం చెప్పడం మానకండి. వాట్సాప్‌లో మైకు గుర్తు ఒకటుంటుంది, దాన్ని నొక్కిపట్టి మాట్లాడితే మీ గొంతే వెళుతుంది. గొంతు మీ వృత్తి. రోజూ పంపే గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు ఆపేసి, ఆ పిల్ల షిఫ్టు మొదలయ్యే ముందు రెండు నిమిషాలు మాట్లాడి పంపండి. మీ మొదటి నైట్ డ్యూటీ గురించి చెప్పండి. ఆ రాత్రి భయం వేసిందో లేదో, ఎవరు తోడొచ్చారో, పెళ్లి సంబంధంవాళ్లు మీ ఉద్యోగం గురించి ఏమడిగారో చెప్పండి. నాకు తెలిసి ఆ పిల్లకు ఇవేవీ తెలియవు. నానమ్మ రిటైర్డ్ అని మాత్రమే తెలిసి ఉంటుంది.

శుభలేఖ విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. ఊరూరా తిరిగి బొట్టు పెట్టి పిలవడం ఇప్పుడు కుదరదు, ఒప్పుకుంటాను. నలుగురు మనుషులున్న ఇంట్లో నలుగురూ ఉద్యోగాలే. పసుపు రాసిన శుభలేఖ పోస్టులో రావడం మొదలైనప్పుడు కూడా మన పెద్దవాళ్లు ఇలాగే నొచ్చుకున్నారు. కానీ వరుడికి అమ్మమ్మో నానమ్మో వరసయ్యే మీకు ఒక ఫోన్ చేయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు పెట్టలేదంటే అది మరుపు కాదు, అశ్రద్ధ. దాన్ని కాలం మారిందని కప్పిపుచ్చనక్కర్లేదు. అయితే మనసులో పెట్టుకుని పెళ్లికి మానేయకండి. మీరే ఫోన్ చేయండి. "శుభలేఖ వచ్చింది, నీ నోటితో పిలిస్తే వద్దామని చూస్తున్నా" అని వదినగా మీకున్న చనువుతో అనేయండి. ఆవిడా పెద్దదే కదా, బహుశా పిల్లలు గ్రూపులో పెట్టేసి "అందర్నీ పిలిచేశాం" అంటే నమ్మి ఊరుకుని ఉంటుంది.

మారాల్సింది నేనేనా అని అడిగారు. మీరు కొంత నేర్చుకోవాలి, అది పైన రాశాను. మీ అబ్బాయి విసుక్కోకుండా నేర్పడం నేర్చుకోవాలి. కౌంటర్లు తీసేసి "యాప్‌లో చూసుకోండి" అనే ఆఫీసులు ఒక్క కుర్చీ, ఒక్క మనిషిని ఉంచడం నేర్చుకోవాలి. అలా ఉంచకపోతే ఊరుకోకండి, తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి ఇచ్చి, రసీదు అడగండి. మీ తరంవాళ్లకు అర్జీ రాయడం బాగా తెలుసు.

ఈ సోమవారం బ్యాంకుకు వెళ్లండి. పాస్‌బుక్, ఆధార్, పాన్ కార్డు, మీ ఫోన్, కళ్లజోడు తీసుకెళ్లండి. అబ్బాయిని తోడు రమ్మనండి. మొబైల్ నంబరు మార్పు ఫారం ఇమ్మని కౌంటర్‌లో మీరే అడగండి, మీరే నింపండి. ఆయన్ను పక్క కుర్చీలో కూర్చోమనండి. వచ్చేటప్పుడు దారిలో ములక్కాడలు కొనండి. పని అయ్యాక నాకు రాయండి, లేదంటే గొంతు పంపండి, వింటాను.